అయిదు మీద గింజ

ఆవిడ పేరు నసిబెకో.
మలావి సరస్సు ఒడ్డున ఉసిపా చేపలు ఎండేస్తుంది.
నాదేమో ఒక సోలార్ పలక, ఒక పాత కారు బ్యాటరీ,
పదకొండు రకాల చార్జర్లు వేలాడే రేకు కొట్టు.

గుడ్డ మూట విప్పి బల్ల మీద పెట్టింది:
ఎవరో వాడి వదిలేసిన ఫోను,
అంకెలు సగం అరిగాయి,
వెనక మూతకి రబ్బరు బ్యాండు.
"చేపనైతే ఎక్కణ్ణుంచి కొయ్యాలో తెలుసు," అంది.
"దీని పొట్ట ఎటువైపు?"

గోరు ఎక్కడ ఆనించాలో చూపించాను.
మూత టక్కున ఊడింది. లోపల
అరిగిన సబ్బుబిళ్లంత బ్యాటరీ,
దాని కింద మూల తెగిన సిమ్ముకి మూల తెగిన గూడు.
మూలకి మూల, అన్నాను.
నాలుగుసార్లు తిరగేసి పెట్టి
అయిదోసారి, నా వైపు చూడకుండానే నవ్వింది.

ఎర్ర మీట నొక్కి పట్టుకో.
ఇంకా. ఇంకా. వదలకు.
అరచేతిలో అది వణికింది.
ఉలిక్కిపడి పారేయబోయి
గాలానికి పడ్డదాన్ని పట్టినట్టు పిడికిలి బిగించింది.

లేచీ లేవగానే టైమెంతని అడిగింది ఫోను.
"దానికి తెలీదా?"
తెలీదు, మనమే చెప్పాలి.
"అయితే చెప్పు. పడవలు ఒడ్డెక్కాయి,
ఎండ ఇంకా చేపల వెన్ను దాకా రాలేదు."
ఆ మీటల్లో అలాంటి గంట లేదు.
ఆరూ నలభై అని కొట్టాను, మనసొప్పక.

పాత మనిషి దాచుకున్న పేర్లు ఇంకా ఉన్నాయి, ఇరవై ఏడు.
చెరిపెయ్యనా?
"ఉండనీ. ఇల్లు ఖాళీ చేసినవాళ్లు
గోడకి మేకులు వదిలి పోరూ?"

ఆవిడకి లెక్క వచ్చు, అంకెలు రావు.
ఎవరు ఎన్ని గంపలు బాకీనో
వాళ్లు మరిచిపోయినా ఈవిడ మరిచిపోదు.
కాగితం మీద ఏడు మాత్రం ఏడో, కొడవలో.
అందుకని, చూడు, అన్నాను,
నాలుగు వరసలు, వరసకి మూడు,
నీ ఎండుబల్లల్లాగే.
బొటనవేలితో తడుముతూ తడుముతూ
నట్టనడుమ ఆగిపోయింది.
"ఇక్కడ ఇసుక గింజ అంటుకుంది."
అంటుకోలేదు. అది అయిదు.
చీకట్లో దారి తెలియాలని పెట్టారు.
"ఎవరు?"
ఏమో.
"చీకట్లో తిరిగినవాళ్లే అయ్యుంటారు," అంది.

ఆ గింజ దగ్గర నించుని
పైకో అడుగు, ఎడమకో అడుగు, కిందికి రెండు.
తమ్ముడి నంబరుని అలా
నడిచి నడిచి కంఠతా పట్టింది.
రాత్రి దీపం ఆర్పేసి అప్పజెప్పిందట, గోడకి.

బ్యాలెన్సు లేదు. ఉండదు కూడా.
మోగనిచ్చి కట్ చెయ్యి, దమ్మిడీ పోదు, అన్నాను.
ఆ తర్వాత నేను నేర్పిందేమీ లేదు.
వారం తిరిగేసరికి ఒడ్డంతా ఆవిడ వ్యాకరణం:
రెండు రింగులైతే బేరగాడి లారీ వచ్చింది.
మూడైతే మ్వేరా గాలి లేస్తోంది, వలలు ఎత్తెయ్యండి.
నాలుగంటే ఉప్పు తెండి.
రెండు మోగి, ఆగి, మళ్లీ రెండు మోగితే
వాడు ధర దించేశాడు, ఎవ్వరూ అమ్మొద్దు.
లారీ రెండు పూటలు నీడన నిలబడిపోయింది ఒకసారి.
డ్రైవరు నా కొట్టు ముందుకొచ్చి
ఈ ఊళ్లో ఫోన్లన్నీ ఎందుకు నత్తినత్తిగా మోగుతాయని అడిగాడు.
సిగ్నల్ బాగోదన్నాను.

నా ఫీజు దోసెడు ఎండు ఉసిపా.
కూరలో ఇసుక కూడా తగిలింది.

మొన్న రాత్రి నా ఫోను మోగి ఆగింది.
ఒక్కటే.
రెండోదాని కోసం చూశాను. రాలేదు.
చెప్పులు దొరక్క వట్టి కాళ్లతో,
ఫోను టార్చి ముందు పరిగెడుతుంటే దాని వెనక నేను.

ఖాళీ బల్ల మీద కాళ్లూపుతూ కూర్చుంది.
దూరంగా నీళ్ల మీద వేటపడవల దీపాలు.
ఏమైంది? గాలా? ఎవరన్నా మునిగారా?
ఒక్క రింగుకి మనం అర్థం పెట్టుకోలేదు కదా!

"పెట్టుకోలేదు," అంది, పక్కకి జరిగి చోటిస్తూ.
"అందుకే చేశాను."